ఎంత బరువు? ఏ ఎత్తున? – ట్రాలీ తగిలింపుపై ఒక విమర్శ

ట్రాక్టరుకు ట్రాలీ తగిలించునపుడు సాధారణముగా రెండు ప్రశ్నలే వినబడును. మొదటిది: పిన్ను పడినదా? రెండవది: ఎన్ని బస్తాలు ఎక్కింపవచ్చును? మొదటి ప్రశ్న అతుకుటకు సంబంధించినది. రెండవది బరువునకు సంబంధించినది. ఈ రెండింటికిని తృప్తికరమైన జవాబు దొరకినంతనే బండి కదలును. కాని యంత్రశాస్త్రము అడుగు ప్రశ్న మరియొకటి కలదు: లాగు బలము ఏ ఎత్తున పనిచేయుచున్నది? ఈ మూడవ ప్రశ్నను విడిచిపెట్టి, మొదటి రెండింటితో సరిపెట్టుకొను అలవాటు పల్లెలోని వెల్డింగు షాపు మొదలు సంపన్న దేశముల బజారుల వరకు వ్యాపించియున్నది. ఆ అలవాటు ఎంతవరకు సమంజసమో తేల్చుటకు పెద్ద శాస్త్రమేమియు అక్కరలేదు. ఉన్నత పాఠశాలలో చెప్పు బలభ్రామకపు పాఠము చాలును.

నల్లగొండ జిల్లానుండి 2016 లో ఏర్పడిన సూర్యాపేట జిల్లాలో తుంగతుర్తి ఒక మండల కేంద్రము. చెలకలలో పత్తి, చెరువుల క్రిందను కాలువల క్రిందను వరి ఈ ప్రాంతపు ముఖ్యమైన పంటలు. శ్రీరాంసాగర్ ప్రాజెక్టు రెండవ దశ కాలువలద్వారా గోదావరి నీరు అందిన యేడు వరి మరింత ఎక్కువగును. కోతల కాలమున ఈ వడ్లు కొనుగోలు కేంద్రములకును, తిరుమలగిరి, సూర్యాపేట మార్కెట్లకును, మిర్యాలగూడ బియ్యపు మిల్లులకును చేరవలెను. పొలమునుండి రోడ్డువరకు ఈ పని చేయునది ట్రాక్టరు ట్రాలీయే. ట్రాక్టరు ఒకరిది, ట్రాలీ మరొకరిది అగుట కూడ కలదు. అట్టిచోట ఒకదాని హుక్కు ఎత్తునకును, రెండవదాని ముక్కు ఎత్తునకును పొత్తు కుదరదు. కుదిర్చుటకు హుక్కును పై రంధ్రములకు మార్చుటయో, ఒక ఇనుప పట్టీని అతికించుటయో చేయుదురు. పిన్ను పడును. పని జరిగినట్లే కనబడును.

పొలమునుండి కాలువకట్ట మీదికి, కట్టనుండి రోడ్డు మీదికి ఎక్కు ఏటవాలు దారి చాల చిన్నది. కాని ప్రమాదమునకు ఆ కొద్ది గజములే చాలును. పైగా వడ్లు మోసిన ట్రాలీయే నాట్లకు, పత్తి ఏరుటకు కూలీలనుకూడ తీసికొనిపోవుచుండును. 2018 జూన్ నెలలో పొరుగున నున్న యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలమున కూలీలతో పోవుచున్న ట్రాక్టరు మూసీ కాలువలో పడి పదిమందికి పైగా మరణించిరి. వారిలో అత్యధికులు స్త్రీలు. ఆ దుర్ఘటనకు తగిలింపు దోషమే కారణమని చెప్పుట ఇచ్చట ఉద్దేశము కాదు. ట్రాలీలో ఉన్నవి ఎల్లప్పుడు బస్తాలే కావనియు, దానిని గూర్చిన లెక్కలు కాగితముతో ముగియునవి కావనియు జ్ఞాపకముంచుకొనవలెను.

ఎడ్లబండి నేర్పిన పాఠము

ట్రాక్టరు రాకపూర్వము ఈ విషయమున రైతునకు చక్కని అనుభవజ్ఞానము ఉండెడిది. ఎడ్లబండికి రెండే చక్రములు. ఇరుసునకు వెనుకవైపు బరువు ఎక్కువైనచో నొగలు పైకి లేచి, మెడక్రింది త్రాళ్లు ఎడ్ల గొంతులను ఒత్తును. ముందువైపు ఎక్కువైనచో కాడి వాని మెడలను అణచివేయును. అందుచేత బండి నింపువాడు నడుమ నడుమ కాడిని చేతితో ఎత్తి చూచి, బస్తాలను ముందుకో వెనుకకో జరిపెడివాడు. కొంచెము బరువు కాడిమీద నిలుచునట్లు చూచెడివాడు.

శాస్త్రపరిభాషలో చెప్పవలెనన్న, ఆ రైతు ఇరుసును ఆధారముగా గొని ఇరువైపుల భ్రామకములను సరిచూచుచుండెను. భ్రామకమనగా బలమును, ఆధారమునుండి ఆ బలరేఖకు గల లంబదూరముచే గుణింపగా వచ్చు మొత్తము. బలము అంతే ఉండి దూరము రెట్టింపైనచో త్రిప్పు శక్తి రెట్టింపగును. తలుపును బందువద్ద నెట్టినచో కదలదు. అంచువద్ద నెట్టినచో వ్రేలితో కదలును.

ఎడ్లబండికి గల గొప్ప సౌకర్యమేమనగా, లెక్క తప్పినచో ఎద్దు మొరాయించును. ఇనుము మొరాయింపదు. అది చివరివరకు సహించి, ఒక్కసారిగా విరుగును. లేదా పైకి లేచును. కాబట్టి ఎద్దు చెప్పెడి మాటను ఇప్పుడు లెక్కయే చెప్పవలెను.

ఐదవ చక్రము, బాతుమెడ

ఈ లోపము పల్లెలకే పరిమితమని తలచుట న్యాయము కాదు. అమెరికాలో విహారయాత్రలకు వాడు పెద్ద ఇంటిబండ్ల విషయమున ఇదే పొరపాటు మరొక రూపమున కనబడుచున్నది. దానిని పరిశీలించిన పిమ్మట ట్రాలీ సంగతి మరింత స్పష్టపడును.

హైదరాబాదు–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారిపై సూర్యాపేటవద్దనో కోదాడవద్దనో నిలిచి చూచినచో, ముందుభాగము వేరుగను వెనుకభాగము వేరుగను ఉన్న పొడవైన లారీలు కనబడును. ముందున్న ఇంజను బండిపై బల్లపరుపుగా గుండ్రని ఉక్కుపలక ఒకటి ఉండును. వెనుకభాగము క్రింద పొట్టిదైన ఉక్కు పిన్ను ఉండును. పిన్ను పలకయొక్క గాడిలో చిక్కి బిగియును. ఈ పలకకే ‘ఐదవ చక్రము’ అని పేరు. గుఱ్ఱపు బగ్గీలలో ముందు ఇరుసు అటునిటు తిరుగుటకై నాలుగు చక్రములపైన అడ్డముగా అమర్చిన ఇనుప వలయమునుండి ఆ పేరు వచ్చినది. అమెరికాలోని డెట్రాయిట్ నగరమున ఆగస్ట్ ఫ్రూహాఫ్ అను బండ్ల పనివాడు ఒక వ్యాపారి పడవను మోయుటకై 1914 లో ఫోర్డు కారు వెనుక తగిలించు బండిని చేసెను. నేటి పొడవు లారీల చరిత్రలో అది తొలిమెట్లలో ఒకటి.

ఈ ఐదవ చక్రపు పద్ధతినే చిన్న లారీల వెనుక తొట్టిలో అమర్చి, ఇంటివలె గదులు గల బండ్లను అమెరికనులు లాగుచుందురు. ఈ బండ్ల బరువులో సుమారు 15 నుండి 25 శాతము వరకు పిన్నుద్వారా లారీపై మోపబడును. పిన్ను బండియొక్క ముందరి చట్రమునకు అతికించిన ఒక పెట్టె అడుగున ఉండును.

ఇక పశువులను, గడ్డిమోపులను, యంత్రములను లాగుటకు వారు వాడునది వేరొక పద్ధతి. లారీ తొట్టి నేలమట్టమున సుమారు 59 మిల్లీమీటర్ల వ్యాసముగల ఉక్కుగుండు ఉండును. బాతుమెడవలె వంగి దిగిన ఉక్కుస్తంభము చివర గిన్నె ఉండి, ఆ గుండుపై కూర్చుండును. దీనిని గూస్‌నెక్ అందురు. గుండు చిన్నది; దానిని తీసివేసినచో తొట్టి అంతయు సరకులకు ఖాళీగా ఉండును. ఐదవ చక్రపు పలకయో బరువైనది. దానిని ఎక్కించుటకు, దించుటకు శ్రమ అధికము.

కావున గుండు మాత్రమే గలవారు ఐదవ చక్రపు బండిని లాగదలచినపుడు ఒక ఉపాయము బజారులో దొరకును. పిన్ను క్రింద బిగించు ఒక పొడవైన ఉక్కుగొట్టము అది. దాని క్రిందికొన గుండుపై కూర్చుండును. దీనినే గూస్‌నెక్ అడాప్టరు అందురు. కొనుగోలు సులభము, బిగింపు సులభము, తొట్టి ఖాళీ. పిన్ను పడినదా అన్న ప్రశ్నకు జవాబు: పడినది.

అడాప్టరు యొక్క లెక్క

ఐదు వేల కిలోల బండి ఒకటి కలదనుకొనవచ్చును. బ్రేకు వేసినపుడో, గుంతలో పడినపుడో పిన్నుపై బండి బరువులో నాలుగవ వంతు, అనగా 1,250 కిలోల అడ్డపు బలము పడినదనుకొన్నచో, మామూలు పద్ధతిలో ఆ బలము పిన్ను పెట్టె అడుగునుండి ఇంచుమించు 5 సెంటీమీటర్ల దిగువన పనిచేయును. భ్రామకము 62.5 కిలోగ్రాము–మీటర్లు. అడాప్టరు 40 సెంటీమీటర్లు క్రిందికి దించినచో దూరము 45 సెంటీమీటర్లగును. అదే బలమునకు భ్రామకము 562.5. తొమ్మిది రెట్లు.

అడాప్టరును తిట్టువారు ఈ తొమ్మిది రెట్ల అంకెను చూపి ఊరకుందురు. అది పూర్తి న్యాయము కాదు. పెట్టె అడుగుపలకవద్ద తొమ్మిది రెట్లనుట నిజమే. కాని పెట్టెయు, చట్రమును కలియు అతుకు ఇంకను పైన ఉండును. ఆ అతుకు పలకకు 50 సెంటీమీటర్ల ఎగువన ఉన్నదనుకొన్నచో, అచ్చట మామూలు పద్ధతిలో దూరము 55, అడాప్టరుతో 95 సెంటీమీటర్లు. భ్రామకములు వరుసగా 687.5, 1,187.5. పెరుగుదల రెట్టింపునకు కొంచెము తక్కువ. విమర్శించువాడు ఏ అతుకును గూర్చి మాటలాడుచున్నాడో చెప్పవలెను. చెప్పనిచో విమర్శయు ప్రకటనవలెనే ఒంటికంటి చూపు అగును.

అయినను రెట్టింపునకు దగ్గరైన పెరుగుదల చిన్న విషయమా? కాదు. చట్రమును రూపొందించినవాడు పలకవద్దనుండి వచ్చు బలమునకు తగినట్లుగా అతుకులను లెక్కించియుండును. ఉక్కు ఒక్క దెబ్బకు విరుగకపోవచ్చును. కాని వేలకొలది గుంతలలో వేలకొలది కుదుపులు తగిలినపుడు అతుకు అంచున సన్నని పగులు పుట్టి, దినదినము పెరుగును. దీనినే లోహపు అలసట అందురు. అందుచేతనే ఇట్టి అడాప్టరు వాడినచో తమ హామీ చెల్లదని కొందరు చట్రపు తయారీదారులు ముందుగనే ప్రకటించిరి. పిన్ను పెట్టెనే పూర్తిగా తొలగించి, గుండునకు తగినట్లు కొత్తగా రూపొందించిన పెట్టెలు కూడ బజారులోనికి వచ్చినవి. అవి వేరు, గొట్టమును తగిలించుట వేరు. మొదటిదానిలో లెక్క కలదు. రెండవదానిలో పిన్ను పడుట మాత్రమే కలదు.

ట్రాక్టరు యొక్క లెక్క

అమెరికా ఉదాహరణమున తగిలింపు క్రిందికి దిగుటచే కష్టము వెనుకబండిపై పడినది. తుంగతుర్తి ఉదాహరణమున తగిలింపు పైకి లేచుటచే కష్టము ముందున్న ట్రాక్టరుపై పడుచున్నది. ఈ భేదమును విద్యార్థులు జాగ్రత్తగా గ్రహింపవలెను.

ట్రాక్టరు బరువు 2,000 కిలోలు, ముందు వెనుక చక్రముల నడుమ దూరము 2 మీటర్లు అనుకొనవచ్చును. సమతలముమీద ముందు చక్రములపై 800 కిలోలు, వెనుక చక్రములపై 1,200 కిలోలు పడుచున్నవనుకొన్నచో, వెనుక చక్రము నేలను తాకు చోటును ఆధారముగా గొని ముందు చక్రములను నేలకు అదిమి ఉంచు భ్రామకము 800 × 2, అనగా 1,600 కిలోగ్రాము–మీటర్లు. ఇది ట్రాక్టరు చేతిలోనున్న మూలధనము. ట్రాలీ దీనిలోనుండి ఎంత ఖర్చుపెట్టునో చూడవలెను.

సరకుతో కలిపి ట్రాలీ బరువు 8,000 కిలోలు. దారి పది మీటర్లకు ఒక మీటరు చొప్పున ఎక్కుచున్నది. ఏటవాలు వలన 800 కిలోలు, మట్టిదారిలో చక్రములు దొర్లుటకు నూటికి నాలుగు వంతున 320 కిలోలు, మొత్తము 1,120 కిలోల బలముతో లాగవలెను. ట్రాలీ ముక్కు హుక్కుపై మోపు బరువు 800 కిలోలు. హుక్కు వెనుక ఇరుసునకు అరమీటరు వెనుక ఉన్నది. ఈ బరువు వలన 400, ఏటవాలుమీద ట్రాక్టరు గరిమనాభి వెనుకకు ఒరుగుట వలన సుమారు 150 ఖర్చగును. ఈ రెండును హుక్కు ఎత్తుతో సంబంధము లేనివి.

ఇక హుక్కు నేలనుండి 50 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నచో లాగు బలపు భ్రామకము 1,120 × 0.5, అనగా 560. మొత్తము ఖర్చు 1,110. మూలధనములో 490 మిగులును; అనగా ముందు చక్రములపై ఇంకను 245 కిలోల బరువు నిలిచియున్నది. స్టీరింగు పనిచేయును. ఆ హుక్కునే ఒక మీటరు ఎత్తునకు మార్చినచో లాగు బలపు భ్రామకము 1,120. మొత్తము ఖర్చు 1,670. మూలధనము 1,600 మాత్రమే. ముందు చక్రములు నేలను విడుచును.

బస్తా ఒక్కటియు పెరుగలేదు. దారి మారలేదు. ట్రాక్టరు మారలేదు. హుక్కు ఎత్తు మాత్రమే మారినది. ‘ఎన్ని బస్తాలు?’ అన్న ప్రశ్న చాలదనుటకు ఇంతకన్న నిదర్శనము అక్కరలేదు. ఇందులో అంకెలు ఉదాహరణకు గైకొన్నవే. కాని ఏ ట్రాక్టరునకైనను దాని అంకెలను ఇదే విధముగా వేసి చూడవచ్చును. ట్రాలీ బరువు 5,000 కిలోలకు తగ్గించి లెక్కించినచో, ఒక మీటరు ఎత్తునకూడ ముందు చక్రములు నేలపైననే ఉండునని తేలును. అనగా బరువును, ఎత్తును వేరువేరుగా తూచరాదు. వాని లబ్ధమునే తూచవలెను.

పై లెక్క నెమ్మదిగా పోవు బండికి చెప్పినది. క్లచ్చి ఒక్కసారిగా వదలినచో లాగు బలము క్షణకాలము ఇంకను పెరుగును. వెనుక చక్రములు బురదలో దిగబడి కదలనపుడు మరియొక విపత్తు కలదు. ఇంజను ఇరుసును త్రిప్పజూచును, ఇరుసు తిరుగలేదు, అపుడు ట్రాక్టరు శరీరమే ఇరుసు చుట్టును వెనుకకు తిరుగజూచును. అట్లు వెనుకకు బోల్తాపడుటకు రెండు సెకన్లు కూడ పట్టదు. డ్రైవరు ఆలోచించుకొను వ్యవధి ఉండదు.

విచిత్రమేమనగా, చక్రములు జారుట ఇట్టి సమయములందు ఒక విధమైన రక్షణము. తడినేలపై చక్రము జారిపోయినచో లాగు బలము తగినంత పెరుగదు, ముందుభాగము లేవదు. పొడినేలపై కొత్త టైర్లు గట్టిగా పట్టినచో బలము పూర్తిగా హుక్కునకు చేరును. కాబట్టి కొత్త టైర్లు వేయించితిని, ఇక భయము లేదనుకొను రైతు, హుక్కు ఎత్తును చూడనిచో, ఒక భయమును తీసి మరొకదానిని తెచ్చుకొనుచున్నాడు.

ఫెర్గూసన్ చూపిన మార్గము

ట్రాక్టరు ముందుభాగము లేచుట పాత సమస్యయే. పూర్వపు ట్రాక్టర్లకు నాగలిని గొలుసుతోనో కడ్డీతోనో తగిలించి లాగెడివారు. నాగలి రాతికి తట్టుకొన్నపుడు ట్రాక్టరు వెనుకకు లేచి డ్రైవరుపై పడెడిది. ఐర్లండు దేశీయుడైన హ్యారీ ఫెర్గూసన్ (1884–1960) దీనికి గొప్ప పరిష్కారము కనిపెట్టి 1926 లో పేటెంటు పొందెను. నాగలిని ఒక్క చోట గాక మూడు చోట్ల పట్టు కడ్డీల పద్ధతి అది. క్రింది రెండు కడ్డీలు లాగును. పైనున్న మూడవ కడ్డీ ముందుకు నెట్టును. నాగలి తట్టుకొన్నపుడు ఈ నెట్టుడు ట్రాక్టరు ముందుభాగమును పైకి లేవనీయదు. 1939 నుండి ఫోర్డు కర్మాగారమున ఈ పద్ధతిగల ట్రాక్టర్లు పెద్దయెత్తున తయారైనవి. 1960 లో మద్రాసున నెలకొల్పబడిన ట్రాక్టర్స్ అండ్ ఫామ్ ఎక్విప్‌మెంట్ సంస్థద్వారా ఫెర్గూసన్ పేరుగల ట్రాక్టర్లు ఈ దేశమున తయారగుట ఆరంభమైనది. నేడు ఏ కంపెనీ ట్రాక్టరునకైనను వెనుక ఆ మూడు కడ్డీలు కనబడును.

ఇందులో గమనింపవలసిన విషయమొకటి కలదు. పై కడ్డీ బిగించు చోటు నెట్టుటకు ఉద్దేశింపబడినది, లాగుటకు కాదు. దిగబడిన బండిని బయటికి తీయుటకై ఆ చోటనే గొలుసు చుట్టి లాగినచో, వెనుక ఇరుసునకు పైన లాగు బలము పనిచేయును. ఏ ప్రాణాపాయమును తప్పించుటకు ఫెర్గూసన్ పాటుపడెనో, ఆ అపాయమునే ఆయన కడ్డీ చోటుతో తిరిగి కొనితెచ్చుకొన్నట్లగును.

కష్టము చోటు మారును

మరి హుక్కును క్రిందికే దించి, ట్రాలీ ముక్కునకు ఒక వంపు ముక్కను అతికించి దానిని హుక్కువరకు తెచ్చినచో సరిపోదా అని అడుగవచ్చును. ప్రశ్న మంచిదే. ట్రాక్టరు క్షేమమునకు అదియే మేలు. కాని అపుడు అమెరికనుల అడాప్టరు కథ తుంగతుర్తికి వచ్చినట్లగును. ముక్క 30 సెంటీమీటర్లు క్రిందికి దిగినచో, 1,120 కిలోల లాగుడు ట్రాలీ ముక్కు అతుకువద్ద 336 కిలోగ్రాము–మీటర్ల భ్రామకమును కొత్తగా పుట్టించును. మామూలు అతుకునకు అది మించిన పని. అతుకు విడినచో ట్రాలీ ఏటవాలుమీద వెనుకకు దొర్లును. చాలా ట్రాలీలకు స్వంత బ్రేకులుండవు.

ఇచ్చటనే ఈ విమర్శయొక్క సారము ఉన్నది. తగిలింపును పైకి జరిపినను, క్రిందికి జరిపినను కష్టము మాయము కాదు. దాని చోటు మాత్రము మారును. పైకి జరిపినచో లాగు బండి భరించును. క్రిందికి జరిపినచో వెనుకబండి చట్రము భరించును. అడాప్టరులు చెడ్డవి అనుటగాని, మంచివి అనుటగాని శాస్త్రము కాదు. మారిన చోట ఆ కష్టమును భరించు బలము ఉన్నదా అని అడుగుటయే శాస్త్రము. వంపు ముక్కకు వెనుక ఏటవాలు ఆధారపు కడ్డీలు వేసి, భ్రామకమును చట్రపు పొడవునకు పంచినచో అది ఉపకరణము. రెండంగుళముల అతుకుతో వ్రేలాడదీసినచో అది ఉరి.

ముందు బంపరునకు ఇనుప దిమ్మెలు తగిలించినచో చాలదా అన్నది మరియొక వాదము. దానికిని లెక్కయే జవాబు. ముందు ఇరుసునకు 60 సెంటీమీటర్ల ముందు, అనగా ఆధారమునుండి 2.6 మీటర్ల దూరమున తగిలించిన 100 కిలోల దిమ్మె 260 కిలోగ్రాము–మీటర్లు ఇచ్చును. హుక్కును మీటరునుండి అరమీటరునకు దించుట పై ఉదాహరణమున 560 ఇచ్చుచున్నది. ఆ లాభమును దిమ్మెలతో పొందవలెనన్న రెండు వందల కిలోలకు మించిన ఇనుము కావలెను. ఆ ఇనుమును సంవత్సరమంతయు డీజిలు పోసి మోయవలెను. దిమ్మెలు వలదనుట కాదు. ఖర్చులేని పనిని విడిచి ఖర్చుగల పనిని ముందు చేయుట తెలివి కాదు.

కాబట్టి ఆచరణలో ఐదు విషయములు చాలును. హుక్కును తయారీదారు చూపిన ఎత్తుననే ఉంచవలెను. ఎట్టి పరిస్థితిలోను వెనుక ఇరుసు మట్టమునకు పైన లాగరాదు. పై కడ్డీ చోట గొలుసు వేయరాదు. ట్రాలీలో బరువు ఇరుసునకు కొంచెము ముందుండునట్లు నింపవలెను. వెనుక ఎక్కువైనచో హుక్కు పైకి లేచి బండి రోడ్డుపై పాము నడక నడుచును. పిన్నునకు తోడు భద్రతా గొలుసు ఒకటి తప్పక ఉండవలెను.

తరగతి గదిలో

ఈ లోపమునకు వెల్డింగు పనివానిని మాత్రమే నిందించుట న్యాయము కాదు. అతడు అడిగినది చేసిపెట్టినాడు. అతడును, ట్రాక్టరు డ్రైవరును ఏదో ఒక ఉన్నత పాఠశాలలో భ్రామకపు పాఠము చదివియుండవచ్చును. తలుపు, తరాజు, ఏతము అను ఉదాహరణములతో ఆ పాఠము ముగియును. పరీక్షలో మార్కులు వచ్చును. కాని పాఠశాల గోడ ప్రక్కనుండి పోవు ట్రాలీకి ఆ పాఠముతో సంబంధమున్నదని ఎవరును చెప్పరు. విషయము తెలిసియు, తెలిసిన చోటు తెలియకపోవుట మన బోధనలోని పెద్ద కొరత.

దీనిని సరిదిద్దుటకు ప్రయోగశాల అవసరము లేదు. ఒక ఇటుక, కొంత దారము, ఒక స్ప్రింగు త్రాసు చాలును. సుమారు 3 కిలోల బరువు, 23 సెంటీమీటర్ల పొడవు, 11 సెంటీమీటర్ల వెడల్పుగల ఇటుకను నిలువుగా నిలబెట్టవలెను. దారమును నేలనుండి 20 సెంటీమీటర్ల ఎత్తున కట్టి, 11 సెంటీమీటర్ల వెడల్పు దిశలో అడ్డముగా లాగవలెను. త్రాసు సుమారు 825 గ్రాములు చూపునప్పటికి ఇటుక లాగువానివైపు ఒరుగును. దారమును 5 సెంటీమీటర్ల ఎత్తునకు దించి లాగినచో, ఒరుగుటకు 3,300 గ్రాములు కావలెను. అంతకుముందే ఇటుక నేలపై జరుగుట ఆరంభించును. బలము పెరిగినను ఇటుక పడలేదు. ఎందుచేత? ఈ ప్రశ్నను విద్యార్థులకే విడిచిపెట్టవలెను.

ఒరుగుట మాని జరుగుట మొదలిడు ఎత్తును దారమును కొంచెము కొంచెముగా జరుపుచు కనిపెట్టినచో, మరియొక ఫలితముకూడ చేతికి వచ్చును. వెడల్పులో సగమును, అనగా 5.5 సెంటీమీటర్లను, ఆ ఎత్తుచే భాగించినచో నేలకును ఇటుకకును గల ఘర్షణ గుణకము తెలియును. సిమెంటు నేల, మట్టినేల, తడినేలలపై ఈ ప్రయోగమును చేయించినచో, గట్టి పట్టుగల నేలపైననే ఒరుగు ప్రమాదము ఎక్కువన్న సంగతి విద్యార్థులే చెప్పుదురు. పిమ్మట వారిని తమ ఊరిలోని ట్రాక్టరువద్దకు పంపి, నిలిపియున్న ట్రాక్టరు హుక్కు ఎత్తును, వెనుక ఇరుసు ఎత్తును, చక్రముల నడుమ దూరమును టేపుతో కొలిచి వ్రాసికొని రమ్మనవలెను. తరగతిలో లెక్క వేసిన పిదప ఆ కాగితము ఇంటికి పోవును. ఇంటిలో తండ్రియో, అన్నయో దానిని చూచును.

పిన్ను పడినదా అని అడుగువారు ఊరికి వందమంది ఉన్నారు. ఎన్ని బస్తాలని అడుగువారు అంతకన్న ఎక్కువమంది. హుక్కు ఎంత ఎత్తున ఉన్నదని అడుగుటకు పదవ తరగతి బాలుడొకడు చాలును. ఆ ప్రశ్నను వానినోట పలికింపగలిగినచో భ్రామకపు పాఠము పరీక్షా పత్రమును దాటి పొలముగట్టు ఎక్కినట్లే.